జేబులో కోడి కూత

ఆయన గుండె ఒకసారి ఆగబోయి, సరే పోనీలే అన్నట్టు మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టిన రోజు నుంచీ ఆయన భార్య చావు మీదికే కాలు దువ్వడం మొదలుపెట్టింది.

అంతకుముందు ధైర్యస్తురాలేం కాదు. లోకంలో ఉన్న ప్రతి వస్తువూ మనిషిని చంపడానికే తయారై కూర్చున్నట్టు కనబడేది ఆవిడకి. ఫ్యాను తిరుగుతుంటే అది ఊడి ఎవరి మెడమీదో పడ్డట్టూ, కుక్కరు కూత పెడితే మూత లేచి మొహం చీల్చినట్టూ, స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగిపోతే లోపల తల పగిలి పడున్నట్టూ అనిపించేది. చేసే పని కూడా అలాంటిదే దొరికింది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ. ఎంత ఉడకబెట్టినా పోని మరకలు కొన్ని ఉంటాయి, తుప్పు రంగులో. వేడి పెట్టె వాటి మీద నడిపిస్తూ ఇది తల పగిలినవాడిది, ఇది కడుపులో పొడిచినవాడిది, ఇది పాపం ఏ పురిటిమనిషిదో అని లోలోపల అనుకుంటూ, సాయంత్రానికి ఒక వీధికి సరిపడా చావుల్ని నెత్తినేసుకుని ఇంటికి వచ్చేది.

"అమ్మని పావుగంట ఒంటరిగా వదిలేస్తే చాలు నాన్నా, మనిద్దర్నీ చంపి, ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొస్తుంది" అనేది కూతురు. మందుల షాపులో కౌంటరు దగ్గర పని ఆ పిల్లకి. నోరు కాస్త ఎక్కువ.

ఆయన మాంసం కోసే షెడ్డులో పెద్ద కోతగాడు. అక్కడందరికీ ఆయన మేస్త్రీ. తలుపు నిండా ఉండే మనిషి. వేలాడే జంతువు తొడని భుజాన వేసుకుంటే అది ఆయన వంటిదేనేమో అన్నట్టు నడిచేవాడు. కోపం కూడా ఆ కొలతలోనే ఉండేది. కుర్రతనంలో బస్సులో ఎవడో ఆవిణ్ణి తోస్తే వాడి దవడ విరగ్గొట్టాడు. వాడు నెలల తరబడి గొట్టంతో తాగాల్సి వచ్చిందని తెలిసి, ఆవిడ తన మొగుడి చేతుల్ని చూసి మొదటిసారి భయపడింది.

గుండె డాక్టరమ్మ చెప్పినవి చాలానే ఉన్నాయి. ఉప్పు తగ్గించాలి. పొద్దున్నే నడవాలి. వేళకి పడుకోవాలి. నెమ్మదిగా నమలాలి. పనిలో మధ్యమధ్య ఆగి నీళ్ళు తాగాలి. కోపం దగ్గరికి రానివ్వకూడదు. నలుగురితో నవ్వుతూ ఉండాలి. "ఇవన్నీ చేస్తే ఎన్నేళ్ళు బతుకుతారమ్మా?" అని ఆవిడ అడిగితే, డాక్టరమ్మ నవ్వి, "చాలా ఏళ్ళు, సంతోషంగా" అంది. ఆ రెండు మాటలూ పట్టుకుని ఇంటికొచ్చి ఉప్పు డబ్బాని బీరువాలో చీరల కింద దాచేసింది ఆవిడ. ఆయన నోట్లో ముద్ద పెట్టుకుంటే ఎదురుగా కూర్చుని, "నమలండి, ఇంకా నమలండి" అంటూ తన దవడలు ఆడించేది. టీవీలో ఆటలో మనవాళ్ళు ఓడిపోతుంటే లేచి కట్టేసేది. కోపం వస్తుందని.

వీటన్నిటిలోకీ నీళ్ళ సంగతి ఒక ఎత్తు. ఆయన కుప్పకూలిన రోజున తెల్లవారింది మొదలు చుక్క నీళ్ళు ముట్టకుండా, కాలు మార్చకుండా కరెంటు రంపం దగ్గరే నిలబడ్డాడట. ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసింది. చేతిలో పని ఉందని ఆయన తియ్యలేదు. ఆ తియ్యకపోవడం ఆవిడ గుండెలో ములుకులా దిగింది. అందుకని ఆస్పత్రి మంచం మీదే చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది.

"నేను ఫోన్ చేస్తే చేతిలో ఏమున్నా సరే వదిలెయ్యాలి. కత్తి కానీ, మాంసం కానీ, పైనుంచి దేవుడు దిగొచ్చి కరచాలనం చేస్తున్నా సరే. వదిలేసి నీళ్ళు తాగాలి. నా మీద ఒట్టు."

"సరేనే పిచ్చిదానా, ఒట్టు."

ఆయన మళ్ళీ పనిలో చేరేముందు, షెడ్డులో మిషన్ల రొదలో మామూలు ఫోన్ వినబడదని కూతురు నాన్న ఫోన్లో అమ్మ నంబరుకి కోడి కూత పెట్టింది. పీక చించుకుని అరిచే కోడి. మర్నాటినుంచి ఆవిడ లాండ్రీలో టీ వేళకి ఇస్త్రీ పెట్టె నిలబెట్టి బటన్ నొక్కడం, అక్కడ కొక్కేలకి వేలాడే మాంసాల మధ్య ఆయన జేబులో కోడి కొక్కొరొకో అనడం, ఆయన ఉలిక్కిపడి చేతిలోది వదిలేసి కుళాయి దగ్గరికి పోవడం. మొదట్లో ఒట్టు తలుచుకుని వదిలేవాడు. కొన్ని వారాలకి తలుచుకోనక్కర్లేకపోయింది. ఇంట్లో కూతురు ఆటపట్టించడానికి అమ్మ ఫోన్ నొక్కితే భోజనం మధ్యలో చెంచా దానంతటదే జారి పళ్ళెంలో పడేది. తల్లీ కూతుళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు.

"వదినా, షెడ్డులో చచ్చినవాటి మధ్య బతికున్న కోడి ఒక్కటే, అది మా అన్న జేబులోది" అన్నాడు ఒకరోజు ఉడుము.

ఉడుము అంటే రంపం దగ్గర ఆయన జతగాడు. సన్నగా, ఎండుకట్టెలా ఉండేవాడు కానీ పట్టుకున్నది వదలడు. తడి ఎముకైనా, జారే కొవ్వైనా వాడి గుప్పిట్లో పడితే అంతే. అందుకే ఆ పేరు. ఆయన బరువు మోస్తే వాడు మొన పట్టి రంపానికి అందించేవాడు. పెళ్ళాం లేని మనిషి, సెలవు రోజు వీళ్ళింట్లోనే భోజనం. ఉప్పులేని ఉడకబెట్టిన కూరలు తిని, "వదినా, ఇవి తిన్నవాణ్ణి తీసుకుపోడానికి చావొచ్చినా, వాసన చూసి మొహం తిప్పుకుని పోతుంది" అనేవాడు. అని రెండోసారి వడ్డించుకునేవాడు.

ఆ ఉడుము చెయ్యి రంపంలో పోయింది.

ఆ సాయంత్రం మేస్త్రీ ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడిపోయాడు. రోజూ రక్తంతోనే వస్తాడు, అది కొత్త కాదు. ఆ రోజు మాత్రం మొహం మీద, కనుబొమల మీద, చెవి లోపల కూడా ఉంది. ఆవిడ తడుముకుంటూ ఆయన గుండె మీద చెయ్యి వేసింది.

"నాది కాదు. ఉడుముది" అన్నాడు. "మిషన్ తన్నింది. మాంసం తొడ పక్కకి ఒరిగింది. వాడు వదల్లేదు, చెయ్యి లోపలికి పోయింది."

పెరట్లో పంపు కింద కూర్చోబెట్టి ఆవిడ తల మీద నీళ్ళు పోస్తుంటే, కింద పారే ఎర్రనీళ్ళని చూస్తూ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. "తెగి బల్లమీద పడ్డాక కూడా వేళ్ళు ఎముకని వదల్లేదే. నేనూ ఇంకొకడూ కలిసి ఒక్కొక్క వేలూ విరిచి తియ్యాల్సి వచ్చింది."

ఆ రాత్రి ఏం తిన్నాడో ఆయనకి తెలీదు. నమలమని ఆవిడా చెప్పలేదు.

తర్వాత రెండు రోజులకి, "ఇకమీదట నువ్వు ఫోన్ చెయ్యొద్దులే, నేనే గుర్తుపెట్టుకు తాగుతా" అన్నాడు. ఆవిడ గయ్యిమంది. ఇంత జరిగాక, మనసు చెదిరి ఉన్నప్పుడు, ఇప్పుడే కదా గుండె జాగ్రత్తగా చూసుకోవాల్సింది? ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ ఫోన్ చేస్తూనే ఉంది, కోడి కూస్తూనే ఉంది. ఆస్పత్రిలో ఉడుముని చూసొద్దాం అంటే మాత్రం వద్దనేవాడు. ఇప్పుడు కాదు, వాడికి ఎవర్నీ చూడాలని లేదు, వాడి పరిస్థితి బాలేదు, ఇలా ఏదో ఒకటి.

ఉడుమే వచ్చాడు.

మొదట షెడ్డు గేటు దగ్గరికి వచ్చాడట. కుడిచెయ్యి ఉండాల్సినచోట చొక్కా చెయ్యి ముడేసి ఉంది. రంపం దగ్గర తన బదులు చేరిన కొత్తవాణ్ణి చూసి, "నువ్వేనా?" అని అడిగి, వాడు అవుననగానే తలతో ముక్కు మీద గుద్దాడు. కిందపడ్డవాణ్ణి ఎడమచేత్తో జుట్టు పట్టుకుని గేటు ఇనప కమ్మీలకేసి కొట్టాడు. నలుగురు లాగితే గానీ రాలేదు. వాడు వదల్లేదు, వీళ్ళ చేతికి కుచ్చు జుట్టుతో సహా వచ్చాడు. ఈ సంగతంతా కూతురికి మందుల షాపులో తెలిసింది. కుట్ల మందు కోసం కొత్తవాడి తమ్ముడు వచ్చాడు మరి.

ఆవిడ ఆ రాత్రంతా కూర్చునే ఉంది. "ఏమండీ, రేపు మనింటికొస్తాడు."

"వాడు మనింటికెందుకొస్తాడే?"

"వస్తాడు. నాకు తెలుసు."

"నీకు ఫ్యాను కూడా పడుతుందనే తెలుసు. పడిందా?"

అదే ఆవిడ బతుకు. ఊరికే ప్రతిదానికీ భయపడి భయపడి, నిజంగా భయపడాల్సిన రోజున మాటకి విలువ లేకుండా చేసుకుంది.

మర్నాటి రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నప్పుడు వంటింటి కిటికీలోంచి ఇటుక వచ్చింది. అద్దం పగిలిన చప్పుడు కన్నా ముందు గాలి వచ్చింది. పళ్ళెం ఎగిరిపడింది. కూతురు, "అమ్మా" అనలేదు, "అబ్బా" అనలేదు, కనుబొమ మీద చెయ్యి పెట్టుకుని ఆ చెయ్యి కేసి చూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతి దాకా జారి పళ్ళెంలో పడుతోంది. గాజుముక్క ఒకటి కంటికి గోరంత దూరంలో గుచ్చుకుని నిలబడి ఉంది. బయట చీకట్లోంచి అరుపు. "అన్నా! బయటికి రా! నాకు జవాబు చెప్పు!"

మేస్త్రీ లేచాడు. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. ఆవిడ గభాల్న ఆయన నడుముకి చుట్టుకుపోయింది. "వద్దు, మీకు దణ్ణం పెడతా, గుండె! గుండె!" కొండని పట్టుకున్నట్టే ఉంది. ఆయన కూర్చున్నాడు. చిత్రంగా, వెంటనే కూర్చున్నాడు.

కూతురికి కుట్లు పడ్డాయి. పోలీసులకి చెబుదామంటే ఆయన ససేమిరా అన్నాడు.

"నీ కూతురి కన్ను పోయేది!"

"పోలేదు కదా."

"ఏమిటండీ ఆ మాట? రేపు ప్రాణం పోతే?"

"వాడి చెయ్యి పోయింది. వాడికి కోపం ఉంటుంది. వదిలెయ్యి."

"మన మీదెందుకు కోపం? మిషన్ తంతే మనమేం చేశాం?"

ఆయన వంగి నేలమీది గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. కనుబొమకి కట్టుతో ఉన్న కూతురు తండ్రి మొహంలోకి చాలాసేపు చూసింది.

అప్పట్నుంచి పనికి సెలవు పెట్టించి, పొద్దుటి నడక మాన్పించేసింది ఆవిడ. పడగ్గది నుంచి వంటింటికీ, వంటింట్లోంచి పడగ్గదికీ నడవమంది. అంత మనిషి ఆ ఇరుకులో బోనులో పెట్టిన జంతువులా తిరుగుతుంటే గిన్నెలు తగిలి కింద పడేవి. వారానికల్లా ఆయాసం మొదలైంది, కాళ్ళు ఉబ్బాయి. బయటికి వెళితే ఉడుము, ఇంట్లో ఉంటే గుండె. ఏ చావుని ముందు ఆపాలో ఆవిడకి తేలలేదు. చివరికి, ఆయన ఒక్కడే కాదు, తనూ వెంట వెళ్ళాలని నిర్ణయించుకుంది. సంచిలో స్టీలు సీసాతో నీళ్ళు, నాలిక కింద పెట్టుకునే మాత్ర, కట్టు కట్టే గుడ్డ, ఈల, గొడుగు పెట్టుకుని, ఫోను మెళ్ళో తాడుకి కట్టుకుంది.

"యుద్ధానికా, నడకకా?" అంది కూతురు.

"నోర్ముయ్యి, తలుపు గడియ పెట్టుకో."

తెల్లారుతోంది. పార్కులో గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. ఊడ్చేవాళ్ళు రాలేదు. ఆయన ముందు, ఆవిడ అరడుగు వెనక. ప్రతి పొద వెనకా ఉడుము ఉన్నట్టే ఉంది ఆవిడకి. వాన పడితే జనం నిలబడే రేకుల షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఆయన మెడ ఎర్రబడిందేమో, చెమట ఎక్కువ పట్టిందేమో అని ఆయన వైపే చూస్తోంది. సరిగ్గా అక్కడే వచ్చాడు.

మాంసం వేలాడదీసే ఇనప కొక్కెం. ఎడమచేత్తో వెనకనుంచి విసిరి ఆయన భుజంలో దించాడు. తడిగుడ్డ చిరిగినట్టు చప్పుడైంది. ఆయన మోకాళ్ళ మీద కూలాడు. ఉడుము ఆ కొక్కెం పట్టుకునే, షెడ్డులో మాంసాన్ని లాగినట్టు, ఆయన్ని రెండడుగులు వెనక్కి ఈడ్చాడు. గడ్డి మీద ఎర్రటి చార పడింది.

ఆవిడ ఈల సంగతి మర్చిపోయింది. స్టీలు సీసా తీసి వాడి చెవి మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడోసారి కొట్టబోతే వాడు కాలితో పొట్టలో తన్నాడు. ఊపిరి అందక ఆవిడ వెల్లకిలా పడింది. మబ్బులు కనిపించాయి. నేనిక్కడే పోతే పిల్ల కుట్లు ఎవరు విప్పిస్తారు అని ఒక్క ఆలోచన వచ్చింది.

"నువ్వు పక్కకుండు వదినా. నీతో తర్వాత." వాడి చెవిలోంచి రక్తం కారుతోంది. "అన్నా, చెప్పు. ఒక్కసారి నీ నోటితో చెప్పు. ఎందుకు వదిలావు?"

"దాన్ని పంపించెయ్" అన్నాడు ఆయన నేలకేసి చూస్తూ. "మీ వదినని పంపించెయ్. తర్వాత నా రెండు చేతులూ తీసుకో."

"వదిన ఎందుకు వెళ్ళాలి?" ఉడుము ఆవిడ కేసి తిరిగాడు. వాడి మొహంలో ఏదో మారింది. "ఓహో. నీకు చెప్పలేదా వదినా?"

"ఒరేయ్, వద్దురా!" ఆయన అరిచాడు. కొక్కెం దిగినప్పుడు కూడా అలా అరవలేదు.

"కోడి కూసింది వదినా. తొడ బరువంతా అన్న చేతుల మీదుంది. నా చెయ్యి రంపానికి జానెడు దూరంలో ఉంది. కొక్కొరొకో అంది. అంతే, వదిలేశాడు. చెంచా వదిలేసినట్టు వదిలేశాడు. అంత బరువూ నా మీదికి ఒరిగింది. నేను వదల్లేదు. నాకు వదలడం రాదు కదా." వాడు నవ్వబోయాడు. నోరు వంకర తిరిగింది. "నా చెయ్యి బల్లమీద పడుంది. కోడి ఇంకా కూస్తోంది వదినా. అన్న జేబులో. నా చెయ్యి అక్కడుంది, నువ్వేమో నీళ్ళు తాగమంటున్నావు."

ఆవిడకి ఆ రోజు గుర్తొచ్చింది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఫోను చెవికి ఆనించుకుని, ఎంతసేపటికీ తియ్యడేం అని విసుక్కున్న రోజు. గోడవైపు తిరిగి పడుకున్న వీపు. ఫోన్ చెయ్యొద్దులే అన్న మాట. కిటికీ పగిలినా లేచి మళ్ళీ కూర్చున్న మనిషి. అన్నీ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. బతుకంతా తన వాళ్ళ మీద పడబోయే వాటికోసం చూసింది. తన చేతిలోంచి వెళ్ళి ఇంకొకడి మీద పడ్డది చూడలేదు.

"నాకు తెలీదు నాయనా" అంది. "నిజంగా తెలీదు."

"ఏ చేత్తో నొక్కావు?"

ఆవిడ అబద్ధం ఆడలేకపోయింది. తనకి తెలీకుండానే కుడిచెయ్యి కొంచెం లేచింది.

వాడు దాని మీద తొక్కాడు. మడమతో, మణికట్టు మీద. ఎండుపుల్ల విరిగినట్టు లోపల చప్పుడు. మళ్ళీ కాలెత్తి తొక్కాడు. ఈసారి చప్పుడు వేరేగా ఉంది, గులకరాళ్ళ సంచి తొక్కినట్టు. ఆవిడ అరుపు ఆవిడకే ఎవరిదో అనిపించింది.

ఆ అరుపుకి మేస్త్రీ లేచాడు.

ఎలా లేచాడో, భుజంలోంచి కొక్కెం ఎలా పీక్కున్నాడో ఆవిడ చూడలేదు. చూసేసరికి ఉడుము గాలిలో ఉన్నాడు. తర్వాత రేకుల షెడ్డు స్తంభానికి తగిలాడు. తర్వాత నేల మీద ఉన్నాడు, ఆయన వాడి గుండెల మీద కూర్చుని ఉన్నాడు. ఒక గుద్దుకి పెదవి చీలింది. ఇంకో గుద్దుకి కన్ను మూసుకుపోయింది. ఉడుము ఎడమచేత్తో ఆయన గాయంలోకి వేళ్ళు దోపి మెలిపెట్టాడు. ఆయనకి తెలిసినట్టే లేదు. గుద్దడం ఆపేసి, రెండు చేతులూ వాడి గొంతు చుట్టూ వేశాడు. బరువులు మోసే ఆ చేతులు. నిదానంగా, పని చేస్తున్నట్టు బిగించాడు.

"ఏమండీ! వద్దు! వదిలెయ్యండి!"

వినబడలేదు. ఆయన చెవులు, కళ్ళు, అన్నీ ఆ చేతుల్లోకే పోయాయి. వాడి మెడ నల్లగా కమిలింది. ఉడుము మడమలు గడ్డిని తన్నుకుంటున్నాయి. తన్నుడు నెమ్మదిస్తోంది. ఆవిడ లేవబోయి విరిగిన చెయ్యి నేలకి ఆనేసరికి కళ్ళు బైర్లు కమ్మి మళ్ళీ పడింది. ఇక్కడ ఒకడు చస్తాడు. చంపి ఆయన గుండె పగిలి ఆయనా ఇక్కడే చస్తాడు. గుండె పగలకపోతే జైల్లో గోడలకేసి చూస్తూ చస్తాడు. ఏ దారిన పోయినా చివర శవమే.

మెళ్ళో తాడుకి ఫోను వేలాడుతోంది. ఎడమ బొటనవేలు తెర మీద పెట్టింది. రక్తంతో తెర జారుతోంది. చీరకొంగుకి తుడిచి, మళ్ళీ తుడిచి, నొక్కింది.

ఆయన జేబులో కోడి కూసింది.

పీక చించుకుని, తెల్లారుతున్న పార్కులో, నిజమైన కోడిలా. ఆయన ఒళ్ళు ఉలిక్కిపడింది. వేళ్ళు విచ్చుకున్నాయి. ఆయన విప్పలేదు, వాటంతటవే విచ్చుకున్నాయి. కింద ఉడుము గొంతులో గాలి లోపలికి పోయిన చప్పుడు, ఎండు గొట్టంలోకి నీళ్ళు దూకినట్టు. కోడి ఇంకా కూస్తూనే ఉంది. మేస్త్రీ తన చేతుల్ని ఎత్తిపట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

ఊడ్చేవాళ్ళు పరుగెత్తుకొచ్చేదాకా ఆవిడ ఫోను ఆపలేదు. ఆగితే మళ్ళీ చేసింది. మళ్ళీ ఆగితే మళ్ళీ చేసింది.

ఊళ్ళో ఉన్న ఆస్పత్రి ఒకటే కాబట్టి ముగ్గుర్నీ ఒకే ఎమర్జెన్సీ వార్డులో పడేశారు. ఆవిడ చెయ్యికి మోచేతి పైదాకా కట్టు వేశారు. మళ్ళీ ఇస్త్రీ పెట్టె ఎత్తగలదో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. మంచం మీద దుప్పటి తను ఇస్త్రీ చేసిందే, మూల కుట్టు చూసి గుర్తుపట్టింది. మేస్త్రీకి భుజం కుట్టి, గుండెకి తీగలు తగిలించారు. డాక్టరమ్మ ఈసీజీ కాగితం చూసి ఆశ్చర్యపోయింది.

"ఇంత జరిగినా గుండె బానే ఉందండీ. చెప్పినవన్నీ పాటిస్తున్నట్టున్నారు."

"అన్నీ పాటించామమ్మా" అంది ఆవిడ.

మధ్యాహ్నం పోలీసు రాసుకోడానికి వస్తే, మేస్త్రీ నోరు తెరవబోతుండగా ఆవిడ అడ్డొచ్చింది. "ముందు నా మాట రాసుకోండి. షెడ్డులో ఉడుము చెయ్యి పోయింది నా ఫోను వల్ల. మిషన్ తన్నలేదు." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "నువ్వు తట్టుకోలేవనే చెప్పలేదే" అన్నాడాయన, పోలీసు వెళ్ళాక. "చీమ కుడితేనే చస్తామంటావు."

"తట్టుకోలేను" అంది. "అయినా చెప్పాలి కదా."

తెర అవతల మంచం మీద ఉడుము. గొంతు చుట్టూ పది వేళ్ళూ నల్లగా అచ్చుపడి ఉన్నాయి. ఉన్న ఒక్క చేతినీ పోలీసులు బేడీతో మంచానికి కట్టేశారు. బయట కానిస్టేబుల్ టీ తాగుతున్నాడు. నర్సులు ఎవరి హడావిడిలో వాళ్ళున్నారు. తెర వెనకనుంచి మాట వినబడింది, గరగరమంటూ, సగం గాలే.

"నీళ్ళు."

ఎవరూ రాలేదు. మళ్ళీ, "నీళ్ళు."

ఆవిడ మంచం దిగింది. "ఎక్కడికే?" అన్నాడు మేస్త్రీ. "వాడి దగ్గరికి పోకు. నీకు భయం లేదా?"

"ఉంది."

వాడు కరుస్తాడనీ, ఉమ్ముతాడనీ, బేడీ తెంపుకుని పీక పట్టుకుంటాడనీ, గ్లాసు పగలగొట్టి కళ్ళలో గుచ్చుతాడనీ, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని తెర పక్కకి జరిపింది. ఉడుము తెరిచి ఉన్న ఒక్క కంటితో చూశాడు. ఆవిడ కట్టు కేసి చూశాడు. గ్లాసు పెదవులకి ఆనిస్తే నోటి నిండా తీసుకుని ఆవిడ మొహం మీద ఉమ్మేశాడు. అందులో రక్తం కూడా ఉంది.

ఆవిడ భుజంతో మొహం తుడుచుకుంది. అలమార మీది జగ్గులోంచి మళ్ళీ నింపింది. ఒంటిచేత్తో, అదీ ఎడమచేత్తో నింపడం వల్ల సగం నేలపాలయ్యాయి. గ్లాసు మళ్ళీ తెచ్చి పెట్టింది. వాడు పళ్ళు బిగించాడు. దాహం గెలిచింది. పళ్ళు విడివడ్డాయి.

ఆత్రంగా గుటకలు వేస్తున్నాడు. కమిలిన గొంతు ఎగిరెగిరి పడుతోంది. ఆవిడ గ్లాసు కాస్త వెనక్కి వంచింది.

"నెమ్మదిగా" అంది. "నెమ్మదిగా తాగు నాయనా, పొలమారుతుంది."